పెద్దసారు కారులో ఇరుక్కున్న సీడీ

మా తిరుమణి చేలల్లో సోలారు పలకలు కొత్తగా లేస్తున్న ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. లోకంలో నన్ను మించిన కళాకారిణి లేదని గట్టి నమ్మకం. (దానికి ఆధారం హైస్కూల్లో ముగ్గుల పోటీలో వచ్చిన రెండో బహుమతి. పోటీలో ఉన్నది ముగ్గురం.) నాన్న వేరుశనగ వేసే చేను సోలారు ప్లాంటుకి లీజుకిచ్చాక, ఆ ప్లాంటు ఆఫీసులోనే నాకు కంప్యూటరు ముందు కూర్చునే పని దొరికింది. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. ఇంకా పర్మనెంటు కాలేదు కాబట్టి, మా మేనేజరు పెద్దసారు గట్టిగా దగ్గినా నా ఉద్యోగం గురించేనేమో అని హడలిపోయేదాన్ని.

ఆ ఏడు ఆయుధపూజకి వచ్చే అతిథులకు చిన్న కానుక ఇవ్వాలని పెద్దసారు అనుకున్నారు. మాది కన్నడ సీమే అయినా ఊళ్లో అందరం మాట్లాడేది తెలుగే; ఆయన మాత్రం మాతో ఎప్పుడూ కన్నడంలోనే మాట్లాడేవారు. నన్ను పిలిచి, ఏమిచ్చినా ఖర్చు మాత్రం కాకూడదన్నారు. ఆఫీసు బీరువాలో ఎవరూ వాడని ఖాళీ సీడీలు పది ఉన్నాయి. పలకలు కడిగే ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పాటలు పాడుకునేవాళ్లు. వాళ్లందరికీ పెద్ద, మేము పాటలవ్వ అని పిలిచే ముసలామె. ఆ పాటలు ఫోనులో రికార్డు చేసి సీడీల్లోకి ఎక్కిస్తానన్నాను. సారు సరేనన్నారు. ఖర్చు లేని దేనికైనా ఆయన సరేననేవారు.

పాటల పని సులభంగానే అయింది. అలంకారమే ప్రాణం తీసింది. కవర్లు కొనడానికి లేదు కాబట్టి, ఇంట్లో పడున్న పాత పెళ్లిపత్రికలు కత్తిరించి, మైదాపిండి ఉడకబెట్టి అంటించాను. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను. సీడీల మీద గోళ్లరంగుతో తీగలు గీశాను. తీగలకు పువ్వులుండాలి కదా అని అమ్మ బొట్టుబిళ్లల అట్టలన్నీ ఖాళీ చేశాను. పాత రవికె నుంచి ఊడదీసిన చమ్కీలు మధ్యమధ్య అద్దాను. అమ్మ వచ్చి చూసి, "ఏంది పాప్పా, వీటికేమన్నా పెండ్లి చేస్తాండావా?" అనింది.

పూజనాడు పొద్దున్నే ఆఫీసుకెళ్లి సీడీలన్నీ బల్ల మీద వరసగా పేర్చాను. ఒకదాన్ని సరిచూద్దామని కంప్యూటర్లో పెట్టాను. (ముందే చూడొచ్చు కదా అంటారేమో. బొట్టుబిళ్లలతోనే సరిపోయింది.) నాలుగు పాటలూ చక్కగా వచ్చాయి. నాలుగో పాట అయ్యాక రికార్డింగు ఆగలేదు. నేను ఫోను అక్కడే పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లినట్టున్నాను. పాటలవ్వ గొంతు స్పష్టంగా వినబడింది.

"ఆ పెద్దసారు నడిసేది సూసినావా? చెర్లో కొంగ మాదిరి. బూట్లకి దుమ్ము అంటితే ఉద్యోగం పోతాదేమో ఆయప్పకి."

ఇంకో ఆమె నవ్వి, "నీడలోనుంచి బయటికొస్తే కదా దుమ్ము అంటేది. మనం కూచోను నీడకి ఒక పట్ట కట్టీమంటే రేపు రేపు అంటాండాడు" అనింది.

"ఆయప్ప రేపు వచ్చేలోపల నేను పోతా" అనింది అవ్వ.

గబగబా కంప్యూటర్లోదీ తీసి, సీడీలన్నీ సంచిలో వేసుకుని లెక్కపెట్టాను. తొమ్మిదే ఉన్నాయి. అంతలో బయట కారు హారను మోగింది. పూలు, బూడిదగుమ్మడికాయలు కొనడానికి పావగడ వెళ్లాలి, రమ్మని సారు పిలిచారు. వెనక సీట్లో కూర్చున్నానో లేదో, కారులో మొదటి పాట వినబడింది. పదో సీడీని సారు ఎప్పుడో బల్ల మీదనుంచి తీసేసుకున్నారు. ముందు సీట్లో సారు తల ఊపుతున్నారు.

"సార్, ఇది అతిథులకోసం కదా, తీసి ఇచ్చేస్తారా?" అన్నాను. బాగుంది, ఉండనీ అన్నారు. రెండో పాటకి తలనొప్పన్నాను. సారు సౌండు కొంచెం తగ్గించారు, అంతే. మూడో పాటకి ఇక లాభం లేదని, సీట్ల మధ్యనుంచి వంగి సీడీ బయటికొచ్చే బటన్ను నేనే నొక్కాను. లోపల కిర్రుమంది. సీడీ అంచు గోరంత బయటికొచ్చి, బొట్టుబిళ్లలు అడ్డంపడి, మళ్లీ లోపలికి పోయి నాలుగో పాట ఎత్తుకుంది. డ్రైవరు మామ అద్దంలోంచి నావైపు చూసి, "ఏమైందిమ్మే, చెమట పట్టిండాది?" అన్నాడు.

పాట అయిపోయింది. అవ్వ మాటలన్నీ వచ్చాయి, నవ్వులతో సహా. డ్రైవరు మామ ఉన్నట్టుండి రోడ్డును చాలా శ్రద్ధగా చూడసాగాడు.

వాళ్లేమంటున్నారని సారు కన్నడంలో అడిగారు.

"మీరు చాలా హుందాగా నడుస్తారంటున్నారు సార్."

మరి నీడ సంగతేమిటన్నారు.

"మీరు అందరికీ నీడ మాదిరి అంటున్నారు సార్."

డ్రైవరు మామకి దగ్గు వచ్చింది. అది ఎంతకీ తగ్గలేదు. పావగడ దగ్గరపడుతుండగా, సారు మొదటిసారి తెలుగులో నోరు తెరిచారు.

"మాయమ్మది హిందూపురం పక్కనమ్మా. ఇంట్లో మేము మాట్లాడేది తెలుగే."

ఆ క్షణంలో నాన్న మొహం, నా కొత్త ఐడీ కార్డు, పాటలవ్వ కూలితోనే చదివే ఆమె మనవరాలి కాలేజీ, అన్నీ ఒకేసారి కళ్లముందు తిరిగాయి. అబద్ధాలు కూడా అయిపోయాయి. "తప్పు నాది సార్. ఫోను ఆన్‌లో ఉండేది అవ్వకి తెలీదు. అనేదేమన్నా ఉంటే నన్ను అనండి, ఆమెను పనిలోనుంచి తియ్యొద్దండి" అన్నాను.

సారు డ్రైవరు వైపు తిరిగి, "ఏమప్పా, నిజం చెప్పు. కొంగ మాదిరే నడుస్తానా నేను?" అన్నారు.

మామ గేరు మార్చి, "బూట్లు కొంచెం బిగుతేమో సార్" అన్నాడు.

సారు భుజాలు కదలడం చూసి ముందు భయపడ్డాను. ఆయన నవ్వుతున్నారు. నవ్వు ఆగాక, "పావగడలో పట్టలు యాడ దొరుకుతాయి?" అని అడిగారు. తిరుగు ప్రయాణంలో డిక్కీలో గుమ్మడికాయలు, కారు మీద మడతపెట్టి కట్టిన నీలం పట్ట. పూజ మొదలయ్యేలోపలే దాన్ని కట్టించారు. అతిథులకు చివరికి నిమ్మకాయలే కానుకలయ్యాయి. వారం తర్వాత మెకానిక్కు ఆ సీడీని బయటికి లాగి, ఇన్నేళ్ల సర్వీసులో ముత్తైదువలాంటి సీడీని చూడలేదన్నాడట.

జరిగిందంతా చెబితే పాటలవ్వ భయపడుతుందనుకున్నాను. పట్ట కింద కాళ్లు చాపుకుని, ఆకు నములుతూ విని, "ముందే చెప్పింటే నీళ్ల డ్రమ్ము గురించి కూడా నాలుగు మాటలు అనేదాన్ని కదమ్మే" అనింది.

అవ్వ పోయి మూడేళ్లయింది. పెద్దసారు ఎక్కడికో బదిలీ అయిపోయారు. ఇప్పుడు ఆ ఆడవాళ్ల పని చూసుకునే సూపర్వైజరును నేనే. మొన్న ఒక మధ్యాహ్నం వాళ్లవైపు వెళ్తుంటే, నవ్వులు టక్కున ఆగిపోయి, ఎవరో పాట అందుకున్నారు. మరీ భక్తిగా పాడారు. ఏం మాట్లాడుకుంటున్నారని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఇరవై రెండేళ్లప్పుడు అయితే అడిగేదాన్నేమో. పాట బాగుందని మాత్రం చెప్పి వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశానో లేదో నవ్వులు మళ్లీ మొదలయ్యాయి. వాటికి అడ్డం ఎందుకని, ఇంకొంచెం త్వరగా నడిచాను.