ఐసుపెట్టె అడుగు నీళ్లు

వేసవిలో, తెలుగూ హిందీ కలగలిసి వినిపించే దీవిపేట డాలీగంజ్‌లో కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. అప్పుడు నీళ్ల దగ్గర అందరూ పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లే అవుతారు. చేపలమ్ముకునే గవరమ్మ కూడా అంతే. కాకపోతే ఆమె ఇంట్లో నిజంగానే ఒక పిల్లి ఉంది.

దాని పేరు చుక్క. గవరమ్మకు పిల్లల్లేరు. మొగుడు ధనరాజు పడవెక్కితే వారం పదిరోజులు ఇంటి మొహం చూడడు. పలకరిస్తే బదులిచ్చేది ఆ పిల్లి ఒక్కటే. దానికి నీళ్లెలాగా అని ఆలోచించి గవరమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. చేపలు అమ్ముడయ్యాక ఐసుపెట్టె అడుగున మిగిలిన నీళ్లు దాని చట్టిలో పోసేది. ఆ నీచు వాసనకి చుక్క లొట్టలేసుకుంటూ తాగేది. మంచినీళ్లు మిగిలాయి, పిల్లికీ పండగే అని గవరమ్మ మురిసిపోయింది. చట్టి కడగాలంటే మళ్లీ నీళ్లు కావాలి కాబట్టి ఆ ఊసే ఎత్తలేదు.

నెల తిరక్కుండా చుక్కకి వాంతులు పట్టుకున్నాయి. మూడో రోజుకి తలెత్తలేదు. గవరమ్మ బేరం మానుకుని, దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి బస్సెక్కింది. ఆమె చేతుల నీచు వాసనకి పక్క సీటామె ఎప్పటిలాగే జరిగి కూర్చుంది. ముప్పై ఏళ్లుగా నిమ్మడిప్పలతో రుద్దినా ఆ వాసన పోలేదు. ఆ రోజు మాత్రం గవరమ్మకి సిగ్గుపడే తీరిక లేదు.

డాక్టరు చంద్రమౌళి సూది వేసి, సెలైను ఎక్కించి, ఏం తాగిస్తున్నావని అడిగాడు. ఆమె దాచకుండా చెప్పింది. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చేప నెత్తురు కలిసిన నీళ్లు ఈ ఎండకి ఇట్టే కుళ్లిపోతాయనీ, కాచి చల్లార్చిన నీళ్లే పోయాలనీ, గిన్నె రోజూ తోమాలనీ చెప్పాడు.

"సాయంత్రంలోగా అది తనంతట తాను నీళ్లు ముట్టాలి దీదీ. ముట్టకపోతే ఇక నా చేతుల్లో లేదు," అన్నాడు.

ఇంట్లో చూస్తే డ్రమ్ము అడుగున రెండు చెంబుల నీళ్లున్నాయి. కుళాయి వచ్చేది రేపు. గవరమ్మ ఒక చెంబు కాచి, చల్లార్చి, కొత్త స్టీలు గిన్నెలో పోసి పెట్టింది. చుక్క వాసన చూసి మొహం తిప్పుకుంది. నీళ్లంటే నీచు వాసనేనని దానికి నెల రోజులు నేర్పింది ఎవరు? చెంచాతో పోస్తే మూతి పక్క నుంచి కారిపోయాయి. పైగా అది మెల్లగా మెడ తిప్పి మూలనున్న ఐసుపెట్టె వైపు చూసింది. గవరమ్మ గుండె చెరువైపోయింది. పెట్టెను బయటికి ఈడ్చి, అడుగు నీళ్లు కాలువలో ఒంపేసి, మిగిలిన చెంబుడు నీళ్లతో సబ్బు రుద్దుకుని చేతులు కడుక్కుంది. తన గొంతు పిడచకట్టుకుపోతున్న సంగతి కూడా ఆమెకు తోచలేదు.

"గల్తీ నాదేనే తల్లీ. నానే నీకు ఇసం పోసినాను. ఒక్క సుక్క తాగు," అని ఏడ్చింది.

సాయంత్రమైంది. ఇంకేం చెయ్యాలో తెలియక, కనీసం ఎండిన మూతినైనా తడుపుదామని గిన్నెలో వేళ్లు ముంచి దాని మూతికి ఆనించింది. చుక్క ముక్కు కదిలింది. సబ్బుకి కూడా లొంగని వాసన ఆ వేళ్లలో ఉంది. గరుకు నాలుక ఒకసారి వేలిని తాకింది. తర్వాత ఇంకోసారి.

గవరమ్మ మళ్లీ వేళ్లు ముంచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ముంచుతూనే ఉంది.