నవలల్లో రోగులను వెతికిన డాక్టరు

ఐలెర్ట్ హౌగ్లాండ్ బెర్గెన్‌లో చాలా ఏళ్లు వంశపారంపర్య వ్యాధుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. రోగులు రావడం మానేశాక ఆయన చూపు నవలల మీద పడింది. కథలో ఎవరైనా సన్నగా పొడుగ్గా ఉండి, వేళ్లు సాలీడు కాళ్లలా కనిపిస్తే చాలు, ‘మార్ఫన్ సిండ్రోమ్’ అని పేజీ అంచున రాసేసేవాడు. ప్రియుణ్ణి చూసి సొమ్మసిల్లిన నాయికకు గుండె లయ తప్పే జబ్బు అంటగట్టేవాడు. అందరికీ ఏడుపొచ్చే చోట తనకు వంశవృక్షం గియ్యాలనిపిస్తుందని ఆయనకే నవ్వొచ్చేది. అయినా మానలేకపోయేవాడు.

“పాపం, ఒక్కళ్లనైనా ఆరోగ్యంగా చావనివ్వవా?” అనేది భార్య బోర్గిల్.

లైబ్రరీలో కలిసి చదివే బృందం ఆ శరత్కాలంలో ఊరి రచయిత్రి టోరున్ నవల ఎంచుకుంది. అందులో ఒక ముసలి జాలరి. ఒక కన్ను గోధుమ రంగు, ఒకటి నీలం. నుదుటి మీద తెల్లటి పాయ. పైగా చెవుడు. ఐలెర్ట్‌కు పండగే. ఈ మూడూ కలిసొచ్చే వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్, సందేహమే లేదు. రచయిత్రి ఎదుటే బన్నుల పళ్లెం పక్కకు జరిపి, జాలరి వంశవృక్షం పరిచాడు. పుట్టే ప్రతి బిడ్డకూ ఆ జబ్బొచ్చే అవకాశం సగం ఉందనీ, నవలలోని మనవరాలికి పరీక్ష చేయించాల్సిందనీ గంభీరంగా చెప్పాడు.

టోరున్ ఓపిగ్గా విని, ఆ జాలరి తన తాతేనంది. గాలం గుచ్చుకుని కన్ను పోతే గాజు కన్ను పెట్టించుకున్నాడట. గోధుమ రంగుది దొరక్క నీలంది. తెల్ల పాయ, పడవకు వేసే రంగు. ఎన్నిసార్లు కడుక్కున్నా మళ్లీ అంటించుకొచ్చేవాడట.

“మరి చెవుడు?” చివరి ఆశతో అడిగాడు ఐలెర్ట్.

“మా నాయనమ్మతో జీవితమంతా కాపురం చేశాడు డాక్టరు గారూ. వినబడనట్టుంటేనే ఆయనకు సుఖం.”

అందరూ విరగబడి నవ్వారు. ఐలెర్ట్ కూడా చెవులు ఎర్రబడేలా నవ్వి, ఇంటికెళ్లి పుస్తకం మళ్లీ తెరిచాడు. పడవల షెడ్డులో మనవరాలు వెనక నిలబడి కూనిరాగం తీస్తుంటే, ముసలాయన తల తిప్పకుండానే కుంచెతో పడవ మీద ఆ పాటకు తాళం వేస్తున్నాడు. ఆ పేజీ అంచున తన చేతిరాత: ‘వినికిడి లోపం, తీవ్రం.’ ఇంతకాలం తన దగ్గరికొచ్చిన రోగులను తలుచుకుని కాస్త భయం కూడా వేసింది. మళ్లీ చదివాడు. ఈసారి ముసలాయన చెయ్యి కనబడింది, ఆ పిల్ల గొంతు వినబడింది. కళ్లు తుడుచుకుంటుంటే బోర్గిల్ చూసి, ఏ జబ్బని అడిగింది.

తర్వాతి సమావేశంలో ఐలెర్ట్ తనే ఆ పేజీ అందరికీ చూపించి, తన రోగనిర్ధారణ పైకి చదివి నవ్వించాడు. నవ్వులు తగ్గాక టోరున్‌ని మెల్లగా అడిగాడు:

“ఆయనకు వినబడుతుందని మీకు చిన్నప్పుడే తెలుసా?”

“తెలుసు. ఎవరికీ చెప్పొద్దన్నాడు,” అంది టోరున్. “ఈ పుస్తకం రాసేదాకా చెప్పలేదు.”