గుట్ట మీద వంకాయలు

2023 ఎండాకాలం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల వెనక సందులో నా స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోలే నాకు అన్నం పెడతాయి గానీ, వెనక గదిలో డార్క్‌రూమ్ మాత్రం మూయలేదు. నలుపు తెలుపు ఫిల్మ్ కడిగించుకునే పిచ్చివాళ్ళు ఊళ్ళో ఇంకా కొందరున్నారు. వాళ్ళను చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

వాళ్ళలో సలోమక్క ఒకరు. వనస్థలిపురంలో ఉంటుంది, సైన్స్ టీచరు. రెండు కళ్ళ పాత కెమెరా ఆమెది. పై లెన్సులోంచి మనం చూస్తాం, కింది లెన్సు ఫోటో తీస్తుంది. అందులో వేసేది మీడియం ఫార్మాట్ రోలు. మామూలు రీలుకన్నా వెడల్పు, పన్నెండు ఫోటోలే వస్తాయి.

ఆ రోజు రోలును దోసిట్లో పట్టుకొచ్చింది.

"అన్నా, జర పైలం. గిండ్ల మా ఊరి గుట్ట ఉన్నది. ఈస్టర్ నాడు తెల్లారంగ గా బండకాడనే ఊరోళ్ళం ప్రార్థన చేస్తుంటిమి. మా నాయిన రాళ్ళు కొట్టేటోడు. బండ మీద సిలువ చెక్కింది ఆయననే. నిన్న మొత్తం పేల్చేసిన్రు."

"అయ్యో! నువ్వు ముందే తీసినవా అక్కా?"

"మొన్న పొద్దుగాల పోయి తీసిన. ఒక్కటి పెద్దగ జేసియ్యి, చర్చిల పెడ్తం. మా అమ్మ ఒక్కతీర్గ అడుగుతున్నది."

బొమ్మను పైకి తెచ్చే మందు డెవలపర్, దాన్ని నిలిపేది ఫిక్సర్. రెండూ అయ్యాక ట్యాంకు మూత తీసి ఫిల్మ్ పైకెత్తాను. గుట్ట ఉంది. గుట్ట మీద వంకాయలున్నాయి, ఒక్కొక్కటీ ఇంటంత. తర్వాతి ఫ్రేములో బండల మధ్య నూనె సీసా. మందు తప్పా, ట్యాంకు తప్పా, నాకే మతి పోయిందా? కింది కొస నుంచి నాలుగైదు ఫ్రేములు చూశాక ఇక చూడబుద్ధి కాలేదు. పై కొసకు క్లిప్పు పెట్టి తీగకు తగిలించి బయటికొచ్చేశాను.

సాయంత్రం అక్క భర్తతో కలిసి వచ్చింది. ప్రసాద్ గారిది తెనాలి వైపు, బ్యాంకు ఉద్యోగం. ఫిల్మ్ తెచ్చి వెలుతురు పెట్టె మీద పరిచాను.

"ఏందన్నా గిది? మా గుట్ట మీద వంకాయలేంది?"

నేను నోరు తెరిచేలోపే ప్రసాద్ గారు ముందుకు వంగారు.

"సలోమీ... అవి నా వంకాయలే."

సంగతి ఇదీ. ఆయన ఆమెకు తెలియకుండా కెమెరా, ఒక కొత్త రోలు తీసుకుని వంటగదిలో కూరగాయల ఫోటోలు తీశారు. ఆయనకు తెలిసింది చిన్న రీలు, దాన్ని చివర్లో వెనక్కి చుట్టాలి. మీడియం ఫార్మాట్‌కు ఆ పని లేదు. ఫిల్మ్ దానంతటదే రెండో చుట్టుకాడ మీదికి వెళ్ళిపోతుంది, దాని వెనకుండే కాగితం కొస నాలుకతో తడిపి అంటిస్తే సరి.

"దుప్పటి కప్పుకుని చేత్తో వెనక్కి చుట్టేశానండీ. కొత్త రోలుకుండే పట్టీ కూడా మళ్ళీ అంటించి డబ్బాలో పెట్టాను. కడిగించాక చూపిద్దామనుకున్నా" అన్నారు ఆయన. అంత శుభ్రంగా చుట్టిపెట్టిన రోలును ఎవరైనా కొత్తదే అనుకుంటారు. ఆమె దాంట్లోనే గుట్టను తీసింది, ఒక ఫోటో మీద ఇంకోటి పడింది.

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. స్టూలు మీద కూలబడింది.

"మల్ల పోయి తీద్దామంటే గుట్టనే లేదు గదా."

ప్రసాద్ గారు ఆమె ముఖం చూడలేక ఫిల్మ్ మీదే చూపు నిలిపారు. మెల్లగా మొదటి కొస దాకా వెళ్ళారు. "దీంట్లో వంకాయలు లేవేంటండీ?"

చూశాను. మొదటి ఫ్రేము. బండ, ఉలి దెబ్బల సిలువ, దాని మీద పొద్దుటి ఎండ. ఇంకేమీ లేదు.

"సార్, మీ మొదటి ఫోటో ఏమైంది?"

ఆయన తల దించుకున్నారు. "కింది లెన్సుకు మూత తీయడం మర్చిపోయానండీ. పైనుంచి చూస్తే అంతా బాగానే కనిపించింది."

"గా మూత మర్చిపోయినందుకు బతికినవ్" అంది అక్క. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

మరుసటేడు ఈస్టరుకు చదును చేసిన నేల పక్కన కుర్చీలో ఆ ఫోటో పెట్టి ప్రార్థన చేసుకున్నారట. అక్క వాళ్ళమ్మ ఫోటో అద్దం మీద ఉలి గీతలు వేలితో తడిమి, "గిది మీ నాయిన చెయ్యే బిడ్డా" అన్నదట.

ఇప్పుడు ఎంత పాడైన ఫిల్మయినా కొస నుంచి కొస దాకా చూడందే తీగకు తగిలించను. ఆ చెయ్యి ఆ రోజు క్లిప్పు పక్కనే, నేను చూడకుండా వదిలేసిన కొసలోనే ఉంది.