కుంట నడుమ మా కాలనీ

నాచారంలోని మా కాలనీకి ప్రతి వానాకాలం నీళ్లొచ్చేవి. తప్పంతా డ్రైనేజీదేనని నమ్మి, ఏటా అలాగే అర్జీలు రాసేవాళ్లం. నిరుడు నాకు ఇంటర్నెట్‌లో యాభైల నాటి హైదరాబాద్ టోపోగ్రాఫిక్ మ్యాపు దొరికింది. ఎత్తుపల్లాలు గోధుమరంగు గీతల్లో, చెరువులు నీలంలో. ఉప్పల్ దారి పట్టుకుని వేలితో వెతుక్కుంటూ వస్తే, మా కాలనీ ఉండాల్సిన చోట ఒక కుంట ఉంది.

పెద్దగా ప్రింటు తీయించి, ఆదివారం చర్చి నుంచి రాగానే కాలనీ సంఘం మీటింగులో పరిచాను. అందరూ ముందు తమ ఇల్లు వెతుక్కున్నారు. ఇల్లు గట్టు మీద పడినవాళ్లు కాస్త నిటారుగా కూర్చున్నారు. అధ్యక్షుడి మూడంతస్తుల ఇల్లు సరిగ్గా కుంట నడుమ పడింది.

"ఏంది సార్ ఇది? గీసినోడు ఇంకు ఒలకబోసిండేమో," అన్నాడాయన.

పక్క వీధి అవ్వ నవ్వింది. ఒకప్పుడు ఇక్కడే నాట్లు వేసిన మనిషి. "గదే కుంట బిడ్డా. మా బర్రెలను గా నీళ్లల్లనే కడిగినం."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేందవ్వా?" అన్నాడు అధ్యక్షుడు.

"నన్నెవలు అడిగిన్రు?"

ఆమె మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. ఇల్లు కొనడానికి వచ్చేవాళ్లకు మ్యాపు చూపకూడదని మాత్రం ఏకగ్రీవంగా తీర్మానించాం. నేనూ చెయ్యెత్తాను.

ఆగస్టులో రెండు రోజులు వాన ఆగలేదు. నీళ్లు మ్యాపు చదువుకున్నట్టు నీలం అంచు దాకా వచ్చి నిలిచాయి. అధ్యక్షుడు లుంగీ ఎగ్గట్టి మా గేటు దగ్గరికి వచ్చాడు.

"అన్నా, జర ఆ మ్యాపు తీయ్. కుంట మత్తడి ఏడుందో సూడాలె."

నిండిన నీళ్లు పొర్లిపోయే ఆ మత్తడి కోసం భూతద్దం పెట్టి వెతికాం. అది మా వెనక ప్రహరీ కిందే ఉంది. ఆ గోడ నేను రాతి పునాదితో కట్టించింది.

"పాత మ్యాపులు పూర్తిగా నమ్మలేం," అన్నాను. నా గొంతు నాకే అధ్యక్షుడి గొంతులా వినిపించింది.

"నమ్మితే నమ్మున్రి, లేకుంటే లేదు. గోడ పలగ్గొట్టున్రి," అంది మా ఆవిడ. "అవ్వ ఇంట్ల మంచం తేలుతున్నది."

నలుగురం గడ్డపారలు పట్టాం. గోడకు గండి పడగానే నీళ్లు మా మల్లెపాదును కూడా వెంటబెట్టుకుని వెనక నాలాలోకి ఉరికాయి. సాయంత్రానికి అవ్వ ఇల్లు బయటపడింది.

వారం తర్వాత ఆ గండి దగ్గర 'కాలనీ సంఘం వారి కొత్త కాలువ' అని బోర్డు వెలిసింది. అధ్యక్షుడు రిబ్బను కత్తిరించాడు. అవ్వకూ కబురు పెట్టారు. ఇంకా బురద కడుగుతున్నానని చెప్పి పంపింది.