నిచ్చెన అచ్చు

రాష్ట్రం కొత్తగా విడిపోయిన రోజులవి. మా పేట ఖుర్సీపార్‌లో దుకాణాల బోర్డుల మీద మధ్యప్రదేశ్ చెరిపేసి ఛత్తీస్‌గఢ్ రాయించుకుంటున్నారు. నేను ఇంటి ముందు గదిలో ప్రింటింగ్ పని పెట్టుకున్నాను. పెళ్లి కార్డులు, కంపెనీల డైరీలు, దీపావళికి పంచే గుడ్డ సంచులు చేసేదాన్ని. డిజైను విషయంలో నాకు ఒకరు చెప్పక్కర్లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

ఇండస్ట్రియల్ ఏరియాలో యంత్రాల విడిభాగాలు చేసే కంపెనీ ఒకటి ఘానాకు సరుకు పంపేది. క్రిస్మస్‌కి అక్కడి వాళ్లకు కానుకలు పంపాలనుకుని, వాళ్ల ఆఫీసరు ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. నాలుగు జిరాక్స్ కాగితాలు బల్ల మీద పెట్టి, "దీదీ, ఇవి వాళ్ల దేశం ముద్రలు. ఒకటి తీసుకుని మంచి శాలువా చెయ్యండి. చూడగానే మనల్ని తమవాళ్లనుకోవాలి," అని హిందీలో చెప్పాడు. కాగితాల నిండా ముడులు, చుక్కలు, మెలి తిరిగిన కొమ్ములు ఉన్నాయి. వాటి కింద ఒక్క మాట కూడా రాసి లేదు. మూడో కాగితంలో ఒక నిచ్చెన ఉంది.

నా చూపు అక్కడే ఆగిపోయింది. ఉక్కు ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని. మాకు నిచ్చెనంటే పైకి పోవడమే, అంటే ప్రమోషను, పెద్ద క్వార్టరు. కంపెనీ కానుకకి ఇంతకన్నా ఏం కావాలి?

అచ్చు చెక్కే పని నాన్నకి ఇచ్చాను. దానికో కారణం ఉంది. నాన్న ఉక్కు ప్లాంటులో పాటర్న్ షాపు వడ్రంగి. వాళ్లు చెక్కతో చేసిన నమూనాని ఇసుకలో నొక్కి తీసేస్తే, ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. అందరూ చూసేది పోత పోసిన ఇనుముని. చెక్కని ఎవరూ చూడరు. నాన్న ముప్ఫై ఏళ్లు అలాగే పనిచేసి, ముందుగానే రిటైర్మెంట్ తీసుకుని, మా పక్క వీధిలో వాళ్లింట్లో పడ్డాడు. పొద్దున్నే షిఫ్టు సైరన్‌కి లేచి, తలదువ్వుకుని, వెళ్లడానికి చోటు లేక గుమ్మంలో కూర్చునేవాడు.

కాగితం చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "బొమ్మ బాగుంది గానీ, దీనర్థం ఏటమ్మా?" అన్నాడు.

"ఏదో మంచిదే నాన్నా. నిచ్చెనకి చెడ్డర్థం ఏటుంటాది?"

ఆయన అడిగాడు. నేను ఎవర్నీ అడగలేదు.

మర్నాటి నుంచి ఆయన వేరే మనిషి. ఉలులకి పదును పెట్టుకున్నాడు. ప్లాంటు నాటి స్కేలు బయటికి తీశాడు. చల్లారాక ఇనుము కుదించుకుంటుంది కాబట్టి ఆ స్కేలులో అంగుళం మామూలు అంగుళం కంటే పిసరంత పెద్దది. గుడ్డ కుదించుకోదు నాన్నా అంటే విన్లేదు. నిచ్చెన నేననుకున్న దానికంటే కాస్త పొడుగ్గా వచ్చింది. అయితేనేం, ఒక్క మెట్టు కూడా వంకర లేదు.

తెల్ల గుడ్డ మీద నల్ల రంగుతో మొదటి నమూనా తీశాను. నాకు సాయానికొచ్చిన అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "పండగ పూట తెల్లగుడ్డ పెడతారేటే? ఎవులు పోయారని? ఎర్రది తియ్యి, శుభం." నిజమే అనిపించింది. ముదురు ఎరుపు గుడ్డ తెప్పించాను. అచ్చు వేసే పని కూడా నాన్నే నా చేతిలోంచి లాక్కున్నాడు. పిడికిలితో గుద్ది గుద్ది, రెండు వారాల్లో అన్నీ ముగించాడు.

డిసెంబరులో ఘానా నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఆఫీసరు సంబరంగా ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చాడు. నిండైన మనిషి, గుమ్మం కింద తల వంచి నవ్వుతూ లోపలికి వచ్చాడు. నేను శాలువా విప్పి పరిచాను. ఆయన నవ్వు ఆగిపోయింది. అంచు పట్టుకుని చూసి, ఎవరైనా పోయారా అని మెల్లిగా ఇంగ్లీషులో అడిగాడు.

తరవాత ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. వాళ్ల వైపు ఎరుపూ నలుపూ మనిషి పోయినప్పుడు కట్టుకుంటారట. బిడ్డ పుట్టినా, మొక్కు తీరినా తెలుపట. ఆ బొమ్మ చావు నిచ్చెనట, ప్రతి మనిషీ ఎక్కక తప్పదట. ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు మరీ చిన్నతనంగా అనిపించింది. శాలువాని మడతలు చెడకుండా మడిచి నాకిచ్చాడు. ఆఫీసరు నా మొహం చూడలేదు. కంపెనీ బజారులో ఇత్తడి దీపాలు కొని పంపించిందని తరవాత విన్నాను.

ఆ సాయంత్రం పక్క వీధిలోంచి నాన్న పరుగున వచ్చాడు. "నచ్చిందేటి?"

"చాలా నచ్చింది నాన్నా. ముట్టుకుని మరీ చూశాడు."

శాలువాల మూటలన్నీ క్యాంప్ 2 బస్తీలో స్నేహితురాలింట్లో దాచేశాను. నాన్న టీ కొట్టు దగ్గర పాత జతగాళ్లకి, "మా అచ్చు ఆఫ్రికా ఎల్లిపోయిందిరా," అని చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా చచ్చిపోవాలనిపించేది. కానీ ఆయన మళ్లీ కడుపునిండా తింటున్నాడు. నిజం చెప్పే ధైర్యం నాకు లేదు.

అప్పటికి మా పాపకి నాలుగో నెల. పనుంటే అమ్మ దగ్గర వదిలి వెళ్లేదాన్ని. ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి ఉయ్యాల్లో పాప నిద్రపోతోంది. దాని కింద ఎర్ర శాలువా. అచ్చు సరిగా పడలేదని పక్కన పడేసిన దాన్ని నాన్న దాచుకున్నాడట. "మనవరాలు పైకి రావాల," అన్నాడు మురిసిపోతూ.

నేను ఒక్క గుంజు గుంజాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. "మతి పోనాదేటే నీకు!" అని అమ్మ అరిచింది. ఇంక ఆగలేక ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. శాలువాలు ఎక్కడున్నాయో కూడా చెప్పాను.

నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నేనడిగాను కదమ్మా," అన్నాడు. అంతే. నా చేతిలోంచి శాలువా తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, నలిగిన చోటల్లా అరచేత్తో సాపు చేశాడు.

"అయితే ఇది నాకుంచండి."

"అవేం మాటలు!" అంది అమ్మ. ఆయన లేచి వెళ్లి తన ట్రంకు పెట్టెలో అడుగున పెట్టుకున్నాడు.

అది బయటికి తియ్యాల్సిన రోజు ఆరేళ్లకి వచ్చింది. వాకిట్లో ప్లాంటు జతగాళ్లంతా నిలబడి ఉన్నారు. నేను శాలువా తెస్తుంటే అమ్మ ఏడుపు మధ్యలోనే నా చెయ్యి పట్టుకుంది. "మగోడికి ఎర్రగుడ్డ కప్పుతారేటే? తెల్లది తే."

రంగు విషయంలో ఒకసారి అమ్మ మాట విన్నాను. ఈసారి వినలేదు. నిచ్చెన మొదటి మెట్టు ఆయన పాదాల దగ్గరికి వచ్చేలా సర్ది, తిన్నగా కప్పాను.