దీప పెళ్లి వీడియో

భానుచందర్‌కు పని రాదని ఎవరూ అనలేదు. హన్మకొండలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లు గల్లీకి ఇద్దరున్నా, అతను తీసిన పెళ్లి చూసినవాళ్లు మళ్లీ అతన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. చిక్కంతా ఆ తర్వాతే. తీసిన పెళ్లి చేతికి రావాలంటే వాళ్లు తిరిగి తిరిగి అలసిపోవాల్సి వచ్చేది.

అంతకుముందు చాలా ఏళ్లు అతను రాజేశ్వర్ రావు స్టూడియోలో జీతానికి పనిచేశాడు. ఆయన నోరు మంచిది కాదు. పొద్దున షట్టర్ ఎత్తేటప్పుడే మొదలుపెట్టేవాడు. "ఏందిరా, గా కాజీపేట పెండ్లి ఇంక గాలేదా? నిద్ర పోతానవా?" అని అందరి ముందే అరిచేవాడు. ఆ అరుపులు పడలేకే భానుచందర్ నయీంనగర్‌లో మేడమీద ఒక గది తీసుకుని సొంతంగా బోర్డు పెట్టుకున్నాడు. పెట్టుకున్న కొద్ది నెలలకే అతనికి ఒక సంగతి అర్థమైంది. ఇన్నేళ్లూ తనను కుర్చీలో కూర్చోబెట్టింది ఆ అరుపులే. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. పొద్దున పది అయినా, పదకొండు అయినా ఎవరూ ఏమీ అనరు. కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్ చేతిలోకి తీసుకుంటే మధ్యాహ్నం అన్నం టైము అయ్యేది. తిన్నాక కాస్త నడుం వాల్చాలనిపించేది. రేపు పొద్దున్నే లేచి గట్టిగా పట్టుకుందామని అనుకునేవాడు. ఆ మాట అనుకోగానే మనసు తేలికయ్యేది కూడా.

రఘునాథపల్లి దగ్గరి రైతు కట్టయ్య తన కూతురు దీప పెళ్లికి అతన్ని పిలిచింది మాఘమాసంలో. కట్టయ్య సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ఇంటి ముందే పచ్చటి పందిరి వేయించాడు. పెళ్లంతా ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా కాలికి బలపం కట్టుకున్నట్టు తిరుగుతూనే ఉన్నాడు. అన్నీ అయిపోయి భానుచందర్ కెమెరాలు సర్దుకుంటుంటే దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"బిడ్డా, వీడియో జర తొందరగ ఇయ్యి. నా కండ్లల్ల నీటి కాసులట. దవాఖానల జెప్పిండ్రు. మందు ఏస్తాన గనీ, పక్కలకెల్లి సూపు దగ్గర పడుతాంది. పోయిన సూపు మల్ల రాదట. పెండ్లి రోజు నేనేం సూడలేదు, ఉరుకుడే సరిపోయింది. కూసోని నిమ్మలంగ సూడాలె."

"నెల రోజులల్ల మీ ఇంట్ల ఉంటది, పెద్దబాపూ," అన్నాడు భానుచందర్. అబద్ధం ఆడాలని అన్న మాట కాదది. అన్నప్పుడు నిజంగానే చేద్దామనుకున్నాడు.

నెల గడిచింది. ఆ పెళ్లి బాగా వచ్చిందని అతనికి తెలుసు. పందిరి మీద పడిన ఎండ, తలంబ్రాలప్పుడు దీప నవ్వు అన్నీ అందంగా పడ్డాయి. అందుకే దాన్ని హడావుడిగా కాకుండా మంచి మూడ్‌లో చేయాలనుకున్నాడు. మూడ్ రాలేదు. రెండో నెలలో కట్టయ్య ఫోన్ చేస్తే, సగం అయిందని చెప్పాడు. అసలు మొదలే పెట్టలేదు. ఆ అబద్ధంతో పని ఇంకా బరువెక్కింది. ఇంత ఆలస్యం చేశాక మామూలుగా ఇస్తే ఏం బాగుంటుంది, అదిరిపోయేలా ఇవ్వాలి అనుకున్నాడు. అదిరిపోయేలా చేయాలంటే ఇంకా సమయం కావాలి. అలా ఎండాకాలం పోయింది. వానలు పడ్డాయి, ఊళ్లల్లో నాట్లు కూడా అయిపోయాయి. కట్టయ్య పేరు ఫోన్ తెర మీద కనబడితే భానుచందర్ ఎత్తేవాడు కాదు. ఫోన్ బోర్లా పెట్టి, అది ఆగేదాకా గోడవైపు చూస్తూ కూర్చునేవాడు.

భార్య శ్రీలత మందుల దుకాణంలో పనిచేసేది. మొదట్లో గుర్తు చేసేది, తర్వాత కోప్పడేది, చివరికి ఆ ఊసే ఎత్తడం మానేసింది. ఆ మౌనం రాజేశ్వర్ రావు అరుపులకన్నా కష్టంగా ఉండేది అతనికి.

శ్రావణంలో ఒకరోజు మధ్యాహ్నం భానుచందర్ స్టూడియో కింద మెట్ల దగ్గర బండి ఆపి తాళంచెవి తీసుకుంటున్నాడు. రోడ్డు అవతల ఆటో ఆగింది. అందులోంచి కట్టయ్య దిగాడు. భానుచందర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాళ్లే అతన్ని పక్కనున్న చాయ్ హోటల్‌లోకి లాక్కుపోయాయి. అక్కడ ఒక చాయ్ తీసుకుని మూలన నిలబడి చూశాడు. కట్టయ్య రోడ్డు దాటడానికి చాలాసేపు పట్టింది. మెట్ల దగ్గరికి వచ్చాక గోడకు చెయ్యి ఆనించి, ముందు ఒక కాలితో మెట్టును తడిమి, అది ఉందని నమ్మకం కుదిరాక రెండో కాలు పెడుతూ ఎక్కాడు. పైన తాళం వేసి ఉంది. మళ్లీ అలాగే తడుముకుంటూ దిగాడు. భానుచందర్ చేతిలో చాయ్ చల్లారిపోయింది. పోయి చెయ్యి పట్టుకుని దింపాలనిపించింది. పోతే ఏం చెప్పాలో తెలియలేదు. కదల్లేదు.

కింది మడిగెలో దుకాణం పెట్టుకుని వినోద జాకెట్లు కుట్టేది. భర్త పోయాక మిషన్ మీదే ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్న మనిషి. కట్టయ్య ఆమె దగ్గర మంచినీళ్లు అడిగి తాగి, చాలాసేపు కూర్చుని వెళ్లాడు. ఆయన వెళ్లాక భానుచందర్ మెల్లగా వస్తే ఆమె మిషన్ ఆపింది.

"ఎక్కడ దాసుకున్నవ్, తమ్మీ?"

అతని చూపు చాయ్ హోటల్ వైపు పోయింది.

"ఆ పెద్దమనిషి ఫోన్‌ల ఫోటో తీసి నా చేతికిచ్చిండు. గిది మా బిడ్డదేనా, అల్లునిదా అని అడిగిండు. దగ్గర పెట్టుకున్నా గుర్తు పట్టలేకపోతాండు. నీ మీద ఒక్క మాట గూడ అనలే. పనులెక్కువున్నయేమో అన్నడు."

భానుచందర్ అక్కడే స్టూల్ మీద కూలబడ్డాడు. "అక్కా, నాతోని అయితలేదు. ఆ ఫైల్ తెరుద్దామంటెనే చెయ్యి వస్తలేదు. తెరుస్తె అంత కనవడ్తది, ఎక్కడ మొదలుపెట్టాల్నో తెలుస్తలేదు."

వినోద దారం తెంపి బట్ట పక్కన పెట్టింది. "పెండ్లంత ఎవలు జెయ్యమన్నరు? ఇయ్యాల ఎదుర్కోళ్లు జెయ్యి. పొద్దుగూకినంక నేను మడిగె మూసే ముందు పైకస్త, చూపియ్యి. బాగున్నదా లేదా నాకెర్కలేదు. అయిందా లేదా అంతే. ఫోన్ గిటియ్యి." అని చెయ్యి చాపింది. అతని ఫోన్ తీసుకుని సూదులూ దారపు ఉండలూ ఉన్న సొరుగులో పడేసింది.

ఆ సాయంత్రం ఎదుర్కోళ్లు అయ్యాయి. మరుసటి రోజు జీలకర్ర బెల్లం. అది కాలేదు. వినోద వచ్చి చూసి, "గాలేదా? సరే, రేపు గదే జెయ్యి," అని దిగిపోయింది. తిట్టలేదు. ఆమె దిగుతున్న చప్పుడు వింటూ అతను మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. అలా ఒక్కో ముక్క చేసుకుంటూ పోయాడు. కొన్ని రోజులు అస్సలు చేతకాలేదు, కొన్ని రోజులు మిషన్ చప్పుడు కింద వినబడుతున్నంతసేపూ తలెత్తలేదు. ఇన్ని నెలలు కొండలా కనబడిన పని బతుకమ్మ వెళ్లిన కొన్నాళ్లకు పూర్తయింది. ఇంతేనా అనిపించింది అతనికి. ఆ ఆలోచన రాగానే సిగ్గుతో ముఖం వేడెక్కింది.

ఫోన్ చేయకుండానే పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని రఘునాథపల్లి బయలుదేరాడు. దారి పొడుగునా వరి కోతలు జరుగుతున్నాయి. ఇంటికి వెళ్లేసరికి దీప కూడా అక్కడే ఉంది. కడుపుతో ఉంది. కట్టయ్య భార్య యాకమ్మ కుర్చీ వేసి, భర్తను పిలిచి, "భాను అచ్చిండు, పెండ్లి వీడియో తెచ్చిండు," అంది.

కట్టయ్య ముఖం విచ్చుకుంది. కానీ ఆ ముఖం భానుచందర్ ఉన్న వైపుకు కాక, కాస్త పక్కకు తిరిగి ఉంది. యాకమ్మ చాయ్ తెచ్చి ఆయన చేతిలో పెట్టి, వేళ్లు గ్లాసు చుట్టూ మూసింది.

"ఎప్పటి సంది?" అని అడిగాడు భానుచందర్.

"పోయిన నెల సంది గింతే," అంది యాకమ్మ. "ఎలుగు తెలుస్తది. మనుషులు తెలువరు. ఆపరేషన్ జేసినా లాభం లేదన్నరు."

"పెట్టు బిడ్డా," అన్నాడు కట్టయ్య. "చెవులతోనే ఇంట."

దీప టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టింది. వీడియో మొదలైంది. భానుచందర్ దాన్ని ఎంతో అందంగా చేశాడు. మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు, వయొలిన్లు పెట్టాడు. పాట అడ్డం పడకుండా మాటలన్నీ, చప్పుళ్లన్నీ తీసేశాడు. కట్టయ్య తల వంచి చెవి పెట్టి విన్నాడు. కాసేపయ్యాక అడిగాడు.

"ఎవలు మాట్లాడుతలేరేంది? బాజా ఏది?"

దీప తండ్రి పక్కకు జరిగి కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఎదుర్కోళ్లు, ఇప్పుడు అయ్యగారు జీలకర్ర బెల్లం ఇస్తాండు, ఇప్పుడు అమ్మ కండ్లు తుడుసుకుంటాంది. ఆయన ఊ కొడుతూ పోయాడు. అప్పగింతలు వచ్చాయి. దీప ఆగిపోయింది.

"ఏమైతాంది బిడ్డా?"

"నువ్వు నా దిక్కే చూస్తానవ్, బాపూ."

కట్టయ్య చాయ్ గ్లాసును తడుముకుంటూ కింద పెట్టాడు. "అప్పుడు నీ చెవుల ఏదో చెప్పిన. ఏం జెప్పిన్నో యాదికి లేదు. గా వీడియోల ఇనవస్తదేమో అనుకున్న."

"నేను ఏడుసుకుంట ఉన్న బాపూ. నాకు గూడ యాదికి లేదు."

భానుచందర్ ఆ ఇంట్లోంచి ఎలా బయటపడ్డాడో అతనికి గుర్తు లేదు. తిరిగి వచ్చాక ఈసారి ఎవరూ అడగక ముందే కుర్చీలో కూర్చున్నాడు. పాటలన్నీ పీకేశాడు. తీసేసిన శబ్దాలన్నీ వెతికి తెచ్చి అతికించాడు. బాజా, అయ్యగారి మంత్రాలు, పెళ్లి పాటలు పాడే ఆడవాళ్ల గొంతులు, వంటోళ్ల మీద కట్టయ్య కేకలు, దీప అత్తగారు ఏదో అంటే ఆయన పగలబడి నవ్విన నవ్వు. దొరికిందల్లా పెట్టాడు. అప్పగింతల శబ్దం మాత్రం దొరకలేదు. ఆ సమయంలో ఒక కెమెరాకు బ్యాటరీ మారుస్తున్నాడు. రెండోదానికి మైకు లేదు. బొమ్మ ఉంది, మాట లేదు. ఎన్నిసార్లు వెతికినా లేదు.

వారం లోపలే మళ్లీ వెళ్లి అది ఇచ్చాడు. ఆ మాట దొరకలేదని కూడా చెప్పాడు. తర్వాత, వాకిట్లో ఇద్దరే ఉన్నప్పుడు, "నువ్వు మా మడిగెకు అచ్చిన్నాడు నేను కిందనే ఉన్న, పెద్దబాపూ. దాసుకున్న," అన్నాడు.

"ఎర్కే," అన్నాడు కట్టయ్య. "మెట్ల కాడ బండికి చెయ్యి తాకింది. ఇంజన్ వేడిగ ఉండె."

"మరి పిలువలేదేంది?"

"పిలిస్తె అస్తువా?"

ఆ మాటలో కోపం లేదు. క్షమించానని కూడా ఆయన అనలేదు. ఎండ ఎటు ఉందో ముఖంతో వెతుక్కుని, కుర్చీ కాస్త అటు జరుపుకున్నాడు.

తర్వాత భానుచందర్ మారాడని హన్మకొండలో చెప్పుకున్నారు. పొద్దున రాగానే ఫోన్ వినోద సొరుగులో వేసి పైకి వెళ్తాడు. ఏ పని తెరవాలంటే భయమో దాన్నే ముందు తెరుస్తాడు. మాట ఇచ్చిన రోజుకు ముందే వీడియో ఇచ్చేస్తున్నాడు. ఎవరైనా మెచ్చుకుంటే తల ఊపి వేరే మాట ఎత్తుకుంటాడు. కొన్ని పొద్దులు ఇప్పటికీ కుర్చీ దాకా పోవడం కష్టంగానే ఉంటుంది. అలాంటప్పుడు కిందికి దిగి, "అక్కా, ఇయ్యాల నన్ను జర అడుగు," అని చెప్పి వస్తాడు.

దీపకు కూతురు పుట్టింది. పేరు పెట్టే వేడుకకు వాళ్లు భానుచందర్‌ను పిలవలేదు. జనగామ నుంచి ఇంకెవరినో పిలిపించుకున్నారు. అతను దీప పెట్టిన స్టేటస్‌లో ఒక ఫోటో చూశాడు. కట్టయ్య ఒళ్లో పాప ఉంది. ఆయన చూపుడువేలు పాప నుదుటి మీద, కనుబొమల మీద మెల్లగా ఆనించి ఉంది. పాప కళ్లు పెద్దవి చేసి ఆయన్నే చూస్తోంది. భానుచందర్ చాలాసేపు చూసి, ఫోన్ వినోద చేతికిచ్చి మెట్లెక్కాడు. పాలంపేట వాళ్ల పెళ్లి వీడియో సాయంత్రానికి ఇవ్వాలి.