ఎర్రపెట్ట గుడ్లు

మా అన్నయ్యకు కోళ్ళంటే గిట్టదు. దర్జీ కదా, ఇంటి ముందుగదే దుకాణం. పెరట్లోని పెట్ట ఏదైనా లోపలికొచ్చి ఎవరి కోటు మీదో రెట్ట వేసిందంటే ఒంటికాలి మీద లేచేవాడు. "ఇది ఇల్లా, కోళ్ళగూడా?" అని అరుపు. "కోళ్ళగూడే. పుంజుకే కూత ఎక్కువ," అనేది మా వదిన.

కోళ్ళు వదినవి. అరడజను ఉండేవి. వాటిలో ఎర్రపెట్టంటే ఆమెకు ప్రాణం. వదిన కింద కూర్చుని బొత్తాలు కుడుతుంటే అది వచ్చి ఆమె ఒడిలో చేరేది. ఆ ఎర్రపెట్టను ఓ మాయదారి కుక్క ఎత్తుకుపోయింది. అది చివరగా పెట్టిన ఐదు గుడ్లను వదిన జాగ్రత్త చేసి, పెరటి కొట్టంలో నల్లపెట్ట కింద పొదగేసింది. ఆ నల్లదానికి మొదటినుంచీ అదో పిచ్చి. గుడ్లు లేకపోయినా ఉత్త గంపలో బైఠాయించి, దగ్గరికెళ్ళిన వాళ్ళనల్లా పొడిచేది. పొదగేసిన సంగతి వదిన చెప్పింది, అన్నయ్య మిషను తొక్కుతూ "ఊఁ" అన్నాడు. మిషను ముందు కూర్చున్న మా అన్నయ్యకు ఏం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

తర్వాత కడుపులో గడ్డకు ఆపరేషన్ అని వదిన ఆస్పత్రిలో చేరింది. వంట చేసి క్యారేజీ మోయడానికి నేనొచ్చాను. చేర్పించిన రోజు కనిపించిన అన్నయ్య ఆ తర్వాత అటు తొంగి చూస్తే ఒట్టు! "ఆయనేరి?" అని వదిన అడగడం, "పనిలో ఉన్నాడు" అని నేను నీళ్ళు నమలడం. కొన్నాళ్ళకు వదిన అడగడమే మానేసింది.

ఆ రోజు ఇంటికొచ్చి దులిపేశాను. "నువ్వు మనిషివేనా? కట్టుకున్నది అక్కడ పడి ఉంటే ఇక్కడ చొక్కాలు కుడతావా?" నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండి చెయ్యి పట్టుకు లాగాను.

"లాగకే! పగిలిపోతాయి!"

"ఏం పగిలిపోతాయి?"

చొక్కా గుండీలు విప్పాడు. పొట్ట చుట్టూ వదిన పాత శాలువా. మడతల మధ్య వరసగా ఐదు గుడ్లు. వీడికి మతి పోయిందని, వదినకు ఏం చెప్పాలిరా దేవుడా అని బల్ల మీద కూలబడ్డాను.

జరిగింది ఇదీ. వదినను ఆస్పత్రిలో చేర్పించి వచ్చిన రోజునే, నల్లపెట్ట ఎప్పటిలా ఊరికే కూర్చుందనుకున్నాడు. చన్నీళ్ళలో పొట్ట ముంచితే పొదిగే పిచ్చి వదులుతుందని ఎవరో చెబితే, చీకటి కొట్టంలోంచి దాన్ని లాక్కొచ్చి తొట్టిలో ముంచాడు. ఆ వెంటనే గంపలో గడ్డి దులపబోతే చేతికి వెచ్చగా గుడ్లు తగిలాయి. అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి, వదిన చెప్పిన మాట! పెట్టను మళ్ళీ కూర్చోబెడితే అది గోడ దూకి పారిపోయింది.

"ఇలా చూడవే," అంటూ ఒక గుడ్డును మిషను దీపానికి అడ్డం పెట్టాడు. లోపల ఎర్రటి నరాలు, మధ్యలో నల్లగా ఏదో కదిలింది.

"ప్రాణం ఉందే చెల్లీ. వీటిని చల్లారనిచ్చి మీ వదినకు ఏ మొహం చూపించను?"

"నేను కట్టుకుంటాలే, నువ్వు వెళ్ళిరా."

"నువ్వు పరుగులు పెట్టే మనిషివి, కుదుపుకే పోతాయి. దానికి మాత్రం చెప్పకు. ఒంట్లో బాగాలేని మనిషి, బెంగ పెట్టుకుంటుంది."

రాత్రిళ్ళు కూడా గోడకు ఆనుకునే నిద్రపోయేవాడు. పక్కమీద దొర్లితే పగులుతాయని భయం. కోడంటే గిట్టని మనిషి కోడికంటే బుద్ధిగా కూర్చున్నాడు!

వదిన నా భుజం పట్టుకుని ఇంటికొచ్చిన రోజున కూడా అన్నయ్య కుర్చీలోంచి లేవలేదు. వదిన గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంతలో అన్నయ్య చొక్కాలోంచి "కీచ్" మంది.

వదిన ఉలిక్కిపడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అన్నయ్య గబగబా శాలువా విప్పాడు. ఒక గుడ్డు చిట్లి, తడిసి ముద్దయిన పిల్ల సగం బయటికొచ్చింది. మిగతా నాలుగింటిలో ఉలుకూ పలుకూ లేదు. తొట్టి దగ్గర్నుంచి మొదలుపెట్టి జరిగిందంతా అన్నయ్య ఏకరువు పెట్టాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇక వదిన కరిగిపోతుందనే అనుకున్నాను.

వదిన పిల్లను అరచేతిలోకి తీసుకుని శాలువా అంచు కప్పింది.

"గుడ్లు పోతే పోయేవి కదండీ," అంది. "నేను రోజూ తలుపు వైపే తిరిగి పడుకున్నాను. మీ ఆయన లేరా అమ్మా అని పక్క మంచం ఆవిడ అడిగింది."

అన్నయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. "నువ్వేమన్నావు?"

"ఉన్నారనే చెప్పాను. ఆవిడ నమ్మలేదు."